ఫోర్డ్ హైబ్రిడ్, హెన్రీ ఫోర్డ్

డెట్రాయిట్ దగ్గర ఉంటూ ఫోర్డ్ ఎస్కేప్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉన్న కారు) నడుపుతున్నాను. నాకు చాలా ఇష్టమైన బండి. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, ఏసీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. బ్రేక్ వేస్తే మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీని నింపుతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లోనే మైలేజీ బాగా వస్తుంది. 2004లో అమెరికాలో వచ్చిన మొదటి హైబ్రిడ్ ఎస్‌యూవీ కూడా ఈ ఎస్కేపే.

ఆఫీసులో ఒక యూదు పెద్దాయన ఉన్నారు. వాళ్ల నాన్నగారు బతికున్నన్నాళ్లూ ఇంటికి ఫోర్డ్ కారు రానివ్వలేదట. ఎందుకని అడిగితే, "డియర్‌బోర్న్ ఇండిపెండెంట్ గురించి చదువు" అన్నారు.

చదివాక రెండు రోజులు మనసు బాగోలేదు. అది ఫోర్డ్ కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డ్ సొంత పత్రిక. 1920 నుంచి యూదుల మీద వరసపెట్టి విషం కక్కింది. కార్లమ్మే డీలర్ల చేత కూడా దాన్ని పంచిపెట్టించారు. పరువునష్టం దావా పడ్డాక, 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశారు. అయినా 1938లో నాజీ జర్మనీ ఇచ్చిన పతకం తీసుకున్నారు! నాకు మింగుడుపడనిది ఇదే.

1914లో కార్మికులకు రోజుకు 5 డాలర్లు ఇచ్చిందీ ఈయనే. ఆ మంచిని కాదనను, కానీ దాన్ని చూపించి ఈ ద్వేషాన్ని కప్పిపుచ్చితే ఒప్పుకోను. బండి అమ్మను, అది నేటి ఇంజనీర్ల కష్టం. మా పిల్లలకు మాత్రం ఆయన తెచ్చిన మోడల్ టీ కారు కథతో పాటు ఆ పత్రిక కథా చెబుతున్నాను.