నా అనుభవం: థార్ సీట్లు, తొంభై డెన్సిటీ, నా పరువు

నిన్న సాయంత్రం మా థార్ ముందు సీట్లు రెండింటినీ తిరిగి బిగించుకుని, తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా నెరబైలు దాటి ఉన్న మా మామిడితోటకు వెళ్లి వచ్చాను. నడుము పట్టేయలేదు. ఆరు వారాలు సాగిన ఈ సీట్ల మరమ్మతు వ్యవహారంలో పోయిన డబ్బు కంటే పోయిన పరువే ఎక్కువ. అది ఇంకా పచ్చిగా ఉండగానే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బండి 2012 నాటి మహీంద్రా థార్. పైకప్పు గుడ్డ హుడ్డు. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు హుడ్డు కుట్లలోంచి నీరు కారి సీట్లు నానిపోయాయి. పైన రెక్సిన్ ఒక్క పూటలో ఆరింది గాని లోపలి ఫోము నీటిని పట్టుకునే ఉంది. మరుసటి ఎండాకాలం నుంచి సీట్లలో ముక్కిపోయిన వాసన వస్తూ ఉండేది. పోయిన ఏడు కాయ కోతల సమయానికి డ్రైవరు సీటు ఎక్కే వైపు అంచు చిరిగి, అందులోంచి పసుపుపచ్చని పొడి రాలి నా ప్యాంటుకు అంటుకోవడం మొదలైంది. మామిడి సొన పడిన చోటల్లా నల్లని మచ్చలు సరేసరి. మా ఆవిడ ఆ సీటు మీద దుప్పటి పరుచుకుని కూర్చునేది. ఆ దుప్పటి జారిపోయినప్పుడల్లా నాతో మాట్లాడటం మానేసేది.

సీట్లు మార్చాలా, ఉన్నవాటినే కొత్త ఫోము వేసి కుట్టించాలా అన్నది మొదటి ప్రశ్న. కంపెనీ సీట్ల కోసం అడిగితే ఈ మోడలుకు ఎప్పుడు వస్తాయో చెప్పలేమన్నారు. ఆ దారి అక్కడితో ముగిసింది.

రెండో దారి పాత సీట్లు. చిత్తూరులో ప్రమాదానికి గురైన బండ్లు విప్పి అమ్మే ఒక దుకాణదారు, వేరే కారు సీట్ల జత చూపించి 14,000 రూపాయలు అడిగాడు. "బోల్టు టు బోల్టు కూర్చుంటుంది సార్" అన్నాడు. ఆ మాట ఎవరన్నా అక్కడి నుంచి లేచి వచ్చేయండి. నేను జేబులోంచి టేపు తీసి కొలిచాను. మా బండి నేల మీద బోల్టు రంధ్రాల మధ్య దూరం వేరు, ఆ సీటు ముందుకూ వెనక్కూ జరిగే కింది కమ్మీల మధ్య దూరం వేరు. పట్టీలు వెల్డింగ్ చేసి కూర్చోబెట్టవచ్చు గాని, సీటు రెండున్నర అంగుళాలు పైకి లేస్తుంది. నా ఎత్తుకు అప్పుడు తల హుడ్డు కమ్మీకి తగులుతుంది, కళ్ల ఎదుట అద్దం పై అంచు వస్తుంది. పైగా గుద్దుకున్నప్పుడు సీటును నేలకు పట్టి ఉంచేది ఆ బోల్టులే. వాటి స్థానంలో వీధి పక్క వెల్డింగ్‌ను నమ్ముకోవడం నాకు ఇష్టం లేకపోయింది. బెల్టు బకిల్ ఎక్కడ బిగిస్తారని అడిగితే అతను నవ్వాడు. ఆ నవ్వు చూశాక బేరం కూడా ఆడలేదు.

వెనక సీట్లు తీసేసి వేరే రకం వేయించుకోవాలనుకునేవారికి ఒక మాట. ఎన్ని సీట్లన్నది ఆర్.సి.లో రాసి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. "అదంతా మేము చూసుకుంటాం" అనే ఏజెంట్లు, బండి పట్టుబడిన రోజున ఫోను ఎత్తరు. ఉన్న సీటుకే ఫోము మార్చి కుట్టిస్తే ఈ గొడవేదీ ఉండదు.

నిజానికి ఇవన్నీ తిరగకముందే చేయవలసిన పనిని నేను చివరన చేశాను. బోల్టులు ఊడదీసి, సీటును తలకిందులు చేసి చూశాను. విప్పింది నేనే, మెకానిక్కును పిలవలేదు. ఫ్రేము వెల్డింగులు ఎక్కడా పగలలేదు. అడుగున పాములా మెలికలు తిరిగిన స్ప్రింగులు ఐదింటిలో ఒకటి కొక్కెం నుంచి ఊడింది, మిగిలినవాటికి పైపై తుప్పు మాత్రమే పట్టింది. స్ప్రింగుకూ ఫోముకూ మధ్య ఉండవలసిన గోనెపట్టా చివికిపోవడంతో, స్ప్రింగు తీగలే ఫోమును కోసుకుంటూ పైకి వచ్చాయి. ఫ్రేము వంగినా, వెల్డింగు పగిలినా సీటు మార్చాలి. ఫ్రేము గట్టిగా ఉండి ఫోము, గుడ్డ మాత్రమే పోయి ఉంటే కుట్టించాలి. పది నిమిషాల్లో తేలిన ఈ సంగతి కోసం నేను చిత్తూరుకు రెండుసార్లు వెళ్లి వచ్చాను.

రేణిగుంట రోడ్డులో కుషన్ పని చేసే ఒక భాయ్ దగ్గరకు సీట్లు తీసుకెళ్లాను. ఆయన స్ప్రింగులను వేలితో మీటి చూసి, "ఫ్రేము బంగారం సార్, ఎందుకు మారుస్తారు" అని 9,500 చెప్పాడు. అంతవరకు బాగానే ఉంది. తరువాత ఫోము మాట వచ్చింది.

నేను జూనియర్ కాలేజీలో 29 ఏళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. భాయ్ ఒక తెల్లని ఫోము చూపించి, "ఇది హెచ్.ఆర్., నలభై డెన్సిటీ" అన్నాడు. హెచ్.ఆర్. అంటే హై రెసిలియెన్స్, అదిమి వదిలితే వెంటనే పైకి లేచే రకం. పక్కన మూలన రంగురంగుల ముక్కలు అతికించినట్టున్న దిమ్మె ఒకటి ఉంది. అదేమిటని అడిగితే రీబాండెడ్ ఫోమనీ, డెన్సిటీ తొంభై అనీ చెప్పాడు. ధరలో పెద్ద తేడా లేదు. నలభై ఇచ్చే మనిషి, తొంభై పక్కనే పెట్టుకుని దాస్తున్నాడన్న అనుమానం నాకు అప్పుడే కలిగింది.

రెండు రకాల్లోనూ 50 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కలు కోయించి, పక్కనున్న కిరాణా కొట్టుకు మోసుకెళ్లి తూకం వేయించాను. తెల్లనిది సరిగ్గా కిలో, రంగులది రెండుంపావు కిలో తూగాయి. ఆ ముక్క ఘనపరిమాణం పాతిక వేల ఘన సెంటీమీటర్లు, అంటే ఘన మీటరులో నలభయ్యో వంతు. ఘన మీటరుకు ఎన్ని కిలోలన్నదే వాళ్లు చెప్పే డెన్సిటీ కాబట్టి, భాయ్ చెప్పిన అంకెలు రెండూ నిజమే. నేను అక్కడితో ఆగి ఉండవలసింది. దుకాణానికి వచ్చి, భాయ్ చేతిలోని సుద్దముక్క అందుకుని, బల్ల మీద పరిచి ఉన్న రెక్సిన్ వెనకవైపున సాంద్రత సూత్రం రాసి, కుట్టుమిషన్ దగ్గరి ఇద్దరు కుర్రాళ్లకు పాఠం మొదలుపెట్టాను. కారు సీటు కవర్ల కోసం వచ్చిన ఒకతను "నమస్తే సార్, నేను మీ స్టూడెంటును" అన్నాడు. దాంతో నా గొంతు ఇంకొంచెం పెరిగింది.

భాయ్ అంతా విని, "బరువు వేరే, మెత్తదనం వేరే సార్. అది ముక్కల ఫోము, సీటుకు వద్దు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. నాలుగు అంగుళాల మందాన తొంభై డెన్సిటీయే వేయమన్నాను. "మీ ఇష్టం సార్" అని ఊరుకున్నాడు.

సీట్లు చూడటానికి అద్భుతంగా వచ్చాయి. మా ఆవిడను కూర్చోబెట్టుకుని తోటకు బయలుదేరాను. రంగంపేట దాటే వరకు ఇద్దరమూ ఏమీ అనలేదు. భాకరాపేట ఘాటులో మొదటి మలుపు దగ్గర ఆమె సీటు అంచుకు జరిగింది, రెండో మలుపు దగ్గర రెండు చేతులూ సీటు మీద ఆనించి ఒళ్లు పైకి ఎత్తుకుంది. తోటకు మళ్లే మట్టిదారిలో ప్రతి గుంతా నా వెన్నుపూస లెక్క పెట్టింది. తిరుగు ప్రయాణంలో ఆమె, "నన్ను నెరబైలులో దించేయండి, బస్సులో వస్తాను" అంది. దించేశాను. నేను ఇంటికి చేరిన గంటన్నరకు ఆమె నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు ఇంకా నాకు అరగలేదు.

మర్నాడు భాయ్ దగ్గరకు వెళితే ఆయన ఒక్క మాట కూడా అనలేదు. పాత తూకం ముక్కలు రెండూ దాచిపెట్టే ఉంచాడు. వాటిని దుకాణం ముందు అరుగు మీద పక్కపక్కన వేసి, "కూచోండి సార్" అన్నాడు. తెల్లదాని మీద కూర్చుంటే ఒళ్లు సగం దాకా దిగి ఆగింది. లేవగానే ఫోము నాతోపాటే లేచింది. రంగులదాని మీద కూర్చుంటే అరుగు మీద కూర్చున్నట్టే ఉంది. అరవై దాటిన మనిషిని, రోడ్డు మీద వచ్చే పోయే జనం చూస్తుండగా, ఒక ముక్క మీద నుంచి ఇంకో ముక్క మీదకు మూడుసార్లు లేచి కూర్చున్నాను. కవర్లు తీసుకుపోవడానికి వచ్చిన నా శిష్యుడు కూడా సరిగ్గా ఆ సమయానికే అక్కడ ఉన్నాడు. పాపం, ఫోనులో ఏదో చూసుకుంటున్నట్టు నటించాడు.

నాకు అప్పుడు అర్థమైంది ఇది. రీబాండెడ్ అంటే చిల్లర ఫోము ముక్కలకు జిగురు కలిపి అదిమి చేసిన దిమ్మె. అదమడం వల్ల బరువు పెరుగుతుంది, లోపలి గాలి గదులు నలిగిపోయి అణిగే గుణం తగ్గుతుంది. ఒకే రకం ఫోములో డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం మన్నుతుందన్నది నిజమే. కాని డెన్సిటీ గట్టితనాన్ని కొలిచే అంకె కాదు; రెండు వేర్వేరు రకాలను ఆ ఒక్క అంకెతో పోల్చకూడదు. పదార్థం యొక్క సాంద్రత ఒక ధర్మం, స్థితిస్థాపకత ఇంకొక ధర్మం అని నేనే ఏటా మొదటి సంవత్సరం పిల్లలకు చెప్పేవాణ్ని.

మళ్లీ విప్పి కుట్టడానికి భాయ్ 2,500 మాత్రమే తీసుకున్నాడు. స్ప్రింగుల మీద కొత్త గోనెపట్టా, దాని మీద నా తొంభై డెన్సిటీ దిమ్మెలోంచే కోసిన ఒక అంగుళం పలక, ఆ పైన మూడు అంగుళాల తెల్ల ఫోము వేశాడు. అడుగున గట్టి పలక ఉంటే స్ప్రింగు తీగ పైకి కోసుకుని రాదట. "మీ ఫోము కూడా వాడినాను సార్" అన్నాడు. అది మర్యాదో వెటకారమో తేల్చుకోలేకపోయాను.

పై గుడ్డ విషయంలో నాకు సందేహం లేదు. మెత్తని వస్త్రం తిరుపతి ఎండకు హాయిగానే ఉంటుంది గాని, హుడ్డు బండిలో దుమ్మును, నీటిని, సొనను పీల్చుకుంటుంది. రెక్సిన్ మధ్యాహ్నం కాలుతుంది, సాయంత్రం తడిగుడ్డతో తుడిస్తే శుభ్రమవుతుంది. తోటకు వెళ్లే బండికి రెక్సినే మేలు. ఎక్కి దిగే వైపు అంచుకు రెండు వరుసల కుట్టు వేయించండి. ముందుగా చిరిగేది అదే. పాత కవరును పారేయనివ్వకండి, కొలతలకు దాన్నే పరిచి కోస్తారు. కొత్త బండ్లలో సీటు పక్కన ఎయిర్‌బ్యాగు ఉంటే మాత్రం వీధి కుట్టు వద్దు. అది తెరుచుకోవలసిన చోట గట్టి కుట్టు పడితే ప్రమాదం.

నేను సుద్దతో సూత్రం రాసిన రెక్సిన్ ముక్క డ్రైవరు సీటు వీపుభాగంలోకి వెళ్లిందని కుర్రాడు చెప్పాడు. వెనక బెంచీలు ఇంకా పాతవే ఉన్నాయి. కాయల క్రేట్లు ఎక్కేది వాటి మీదే కాబట్టి, కోతలు అయ్యాక వాటినీ భాయ్‌కే అప్పగిస్తాను. ఫోము ఆయనే ఎంచుతాడు.