పెళ్లిని వదలడం, దేశాన్ని వదలడం: రెండూ ఒకే నిర్ణయం కావు

నేను హెచ్-4 వీసా (హెచ్-1బి వంటి ఉద్యోగ వీసా ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చేది) మీద టెక్సాస్‌కు కాపురానికి వెళ్లాను. అక్కడ భర్త చేయి చేసుకోవడం మొదలై, అదే అలవాటుగా మారిన తరువాత ఆ ఇంటి నుంచి బయటపడి, హైదరాబాద్‌కు తిరిగివచ్చి, ఇక్కడి ఫ్యామిలీ కోర్టులో విడాకులు పొందాను. ఆ కాలమంతా అక్కడి తెలుగువాళ్లూ ఇక్కడి బంధువులూ నన్ను అడిగింది ఒక్కటే: "ఉంటావా, వచ్చేస్తావా?" ఆ ప్రశ్నలో పెళ్లిలో ఉండడం, అమెరికాలో ఉండడం అనే రెండు వేర్వేరు విషయాలు ముడిపడి ఉన్నాయి. ఆ ముడి విప్పుకున్న తరువాతే నేను స్థిమితంగా ఆలోచించగలిగాను. ఇప్పుడు అదే స్థితిలో ఉన్న ఆడపిల్లలకూ, వాళ్ల తల్లిదండ్రులకూ ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

నా భర్త చేతిలో ఉన్న పెద్ద ఆయుధం వీసా. "నా వీసా మీద బతుకుతున్నావు, నేను ఒక్క ఫోన్ చేస్తే నిన్ను పంపించేస్తారు" అనే మాట కొట్టిన ప్రతిసారీ వచ్చేది. నా పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, డిగ్రీ సర్టిఫికెట్లు అన్నీ అతని బల్ల సొరుగులో తాళం వేసి ఉండేవి. ఆ బెదిరింపులో సగమే నిజం. హెచ్-4 హోదా పెళ్లి మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి, విడాకుల తీర్పు వెలువడితే ఆ హోదా ముగిసిపోతుంది. కానీ ఆ తీర్పు వచ్చేదాకా ఇల్లు విడిచి వేరుగా ఉన్నంత మాత్రాన అది పోదు, భర్త కోపంతో చేసిన ఫోన్ వల్లా పోదు. అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడానికి గాని, భర్త దగ్గరకు రాకూడదని కోర్టు ఇచ్చే రక్షణ ఉత్తర్వు అడగడానికి గాని ఏ వీసాలో ఉన్నామన్నది అడ్డు రాదు.

ఈ విషయాలు నాకు అమెరికా జాతీయ గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233 ద్వారా పరిచయమైన ఉచిత న్యాయసహాయ న్యాయవాది చెప్పారు. హెల్ప్‌లైన్‌లో దుబాసీ సౌకర్యం ఉంది కాబట్టి ఇంగ్లీషు రాదన్న భయం అక్కర్లేదు. నా కథ పూర్తిగా వినకముందే ఆ న్యాయవాది అడిగిన మొదటి ప్రశ్న: "మీ భర్తది ఏ హోదా?" అందరూ నా వీసా గురించి అడుగుతుంటే ఆమె అతని హోదా అడగడం నాకు వింతగా తోచింది. తరువాత తెలిసింది, మన ముందు ఏ దారులున్నాయో చాలావరకు తేల్చేది అదే.

భర్త అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, 1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం కింద భార్య గ్రీన్‌కార్డు దిశగా తనంతట తానే ఐ-360 అనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి భర్త సంతకం అక్కర్లేదు. హింస కారణంగానే విడాకులు అయి ఉంటే, ఆ తరువాత కూడా రెండేళ్లలోపు పెట్టుకోవచ్చు. చట్టం పేరులో మహిళలని ఉన్నా, హింసకు గురైన మగవారికీ ఇది వర్తిస్తుంది. పెళ్లి ద్వారా రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు వచ్చినవారు, షరతులు తొలగించే ఐ-751 దరఖాస్తును భర్తతో కలిసి వేయనక్కర లేకుండా హింస కారణంగా మినహాయింపు అడగవచ్చు.

హెచ్-1బి భర్తల భార్యలకు ఆ రెండు దారులూ లేవు. ఇది విన్నప్పుడు నాకు కాళ్లకింద నేల కదిలినట్టయింది, ఎందుకంటే మన తెలుగు ఆడపిల్లల్లో చాలామంది ఉన్నది ఈ స్థితిలోనే. అయితే అదే చట్టానికి 2005లో చేసిన సవరణలో మనకోసం ఒక చిన్న తలుపు తెరిచారు. హింసకు గురైన హెచ్-4 భార్య ఐ-765వి అనే ఫారం ద్వారా సొంతంగా ఉద్యోగ అనుమతి అడగవచ్చు. 2017 నుంచి ఈ దరఖాస్తులు తీసుకుంటున్నారు. మంజూరైతే రెండేళ్ల వరకు పని చేసుకోవచ్చు. కానీ అది కేవలం పని అనుమతి, దేశంలో ఉండే హోదా కాదు. ఈ తేడా తెలియక అదే వీసా అనుకునేవారు ఉన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఇక యూ వీసా ఉంది. గృహహింస వంటి నేరానికి గురై, దర్యాప్తులో పోలీసులకు సహకరించినవారు, ఆ సహకారాన్ని ధ్రువీకరించే పత్రంతో ఐ-918 దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఏడాదికి 10,000 మాత్రమే ఇస్తారు, వరుసలో ఉన్నవారు అంతకు ఎన్నో రెట్లు, కాబట్టి నిరీక్షణ ఏళ్ల తరబడి సాగుతుంది. విద్యార్థి వీసాకో సందర్శక వీసాకో మారదలిస్తే, హెచ్-4 ముగియకముందే దరఖాస్తు పెట్టాలి. ఐ-360, యూ వీసా దరఖాస్తుల వివరాలు భర్తకు చెప్పకూడదని అక్కడి ఫెడరల్ చట్టం అధికారులను కట్టడి చేస్తుంది. అతని మాట ఒక్కటే ఆధారంగా భార్యపై చర్య తీసుకోవడానికీ ఆ చట్టం ఒప్పుకోదు. "ఒక్క ఫోన్" అనే బెదిరింపుకు ఉన్న విలువ అంతే.

నేను ముందు రక్షణ ఉత్తర్వు తీసుకున్నాను. టెక్సాస్‌లో దానికి దరఖాస్తుదారు నుంచి కోర్టు రుసుము తీసుకోరు, ఉత్తర్వు సాధారణంగా రెండేళ్లు అమల్లో ఉంటుంది. వాంగ్మూలంలో "రోజూ కొట్టేవాడు" వంటి మాటలు నిలబడవని న్యాయవాది చెప్పారు. ఏ రోజు, ఏ గదిలో, ఏ చేత్తో, తరువాత ఎవరికి చెప్పావు అని ఒక్కొక్కటిగా రాయించారు. మా అమ్మకు తెలుగులో పంపిన వాట్సాప్ సందేశాలను తేదీలు కనిపించేలా దాచి, ధ్రువీకరించిన అనువాదంతో జతచేశాము. తరువాత పోలీసును వెంటబెట్టుకుని ఇంటికి వెళ్లి ఆ సొరుగులోని నా పాస్‌పోర్టూ సర్టిఫికెట్లూ తెచ్చుకున్నాను. పాస్‌పోర్టు దొరకని పక్షంలో పోలీసు ఫిర్యాదు ప్రతితో మన కాన్సులేట్‌లో కొత్తది అడగవచ్చు. టెక్సాస్‌కు అది హ్యూస్టన్‌లో ఉంది. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే అది సంబంధిత కాన్సులేట్‌కు చేరుతుంది. కష్టంలో ఉన్నవారికి కాన్సులేట్లు భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సహాయం చేయగలవు.

ఈలోగా నాన్న ఫోన్ చేసి "టికెట్ తీస్తున్న బిడ్డా, రేపే వచ్చెయ్" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు. అయినా కోర్టు కాగితాలు చేతికి అందేదాకా ఆగుతానని చెప్పాను. విడాకుల తీర్పు వచ్చేదాకా నా హెచ్-4 హోదా ఉంది, పని అనుమతికీ నేను అర్హురాలినే, కాబట్టి అప్పటిదాకా ఉండాలనుకుంటే ఉండగలను. ఆ సంగతి తెలిసిన తరువాతే, నా వాళ్ల మధ్య, నా పాత ఉద్యోగంలో, నా భాషలో బతకాలని నేనే ఎంచుకున్నాను. తరిమితే రావడానికీ, ఎంచుకుని రావడానికీ ఎంత తేడా ఉందో ఆ తరువాత ఇక్కడి కోర్టు మెట్లు ఎక్కిన ప్రతిసారీ నాకు అనుభవంలోకి వచ్చింది. రక్షణ ఉత్తర్వు ధ్రువీకృత ప్రతులు రెండు తీసుకుని, టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో అపోస్టిల్ ముద్ర (పత్రం అసలుదేనని వేరే దేశానికి ధ్రువీకరించేది) వేయించాను. ఆ ముద్ర ఉన్న విదేశీ పత్రాలను భారతదేశం 2005 నుంచి గుర్తిస్తోంది. ఇక్కడికి వచ్చాక ఆ పని చేయించడం చాలా కష్టం.

నాకు పిల్లలు లేరు. పిల్లలున్నవారు మాత్రం టికెట్ కొనేముందు తప్పనిసరిగా అక్కడి న్యాయవాదిని కలవాలి. ఒక దేశం నుంచి మరో దేశానికి అక్రమంగా తీసుకెళ్లిన పిల్లలను వెనక్కు పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు కాబట్టి ఇక్కడికి తెచ్చేసుకుంటే చాలని కొందరు సలహా ఇస్తారు. ఆ సలహా ప్రమాదకరం. తండ్రి హక్కులకు అడ్డుపడే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించడం అమెరికాలో 1993 నుంచి ఫెడరల్ నేరం. అక్కడి కోర్టు నుంచి కస్టడీ ఉత్తర్వు, ప్రయాణ అనుమతి తీసుకుని రావడమే క్షేమం.

హైదరాబాద్‌లో మొదట వెళ్లిన పోలీసు స్టేషన్‌లో "అమెరికాలో కొడితే ఇక్కడ కేసేందమ్మా, ముందు పెద్దమనుషులతో మాట్లాడుకోండి" అన్నారు. ఆ మాట చట్టప్రకారం సరికాదు. భార్య పుట్టింట్లో ఆశ్రయం పొందిన చోట కూడా ఫిర్యాదు చేయవచ్చని సుప్రీంకోర్టు 2019లో రూపాలీ దేవి కేసులో చెప్పింది. విదేశంలో జరిగిన నేరానికి ఫిర్యాదు, దర్యాప్తు ఇక్కడ జరగవచ్చు, విచారణ ముందుకు సాగడానికి మాత్రం కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలని 2011లో తోట వెంకటేశ్వర్లు కేసులో తేల్చింది. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ప్రవాస భారతీయుల పెళ్లి వివాదాల కోసం ప్రత్యేకంగా ఎన్నారై సెల్ ఉంది. దాని గురించి అడగాలని తెలిసినవారు తక్కువ. భరోసా కేంద్రంలో, సఖి కేంద్రాల్లో కౌన్సెలింగ్, న్యాయసలహా ఒకేచోట దొరుకుతాయి. మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేస్తే దగ్గరలో ఏది ఉందో చెబుతారు.

నేను ముందుగా 2005 గృహహింస చట్టం కింద వెళ్లాను. బాధితురాలు తాత్కాలికంగా నివసిస్తున్న చోట కూడా ఈ కేసు వేయవచ్చు. అందులో నా బలం స్త్రీధనం జాబితా. పెద్దమ్మ, నేను పెళ్లి ఆల్బమ్ ముందేసుకుని కూర్చున్నాము. తలంబ్రాల ఫొటోలో కాసులపేరు, అప్పగింతల ఫొటోలో వడ్డాణం, వంకీలు, రిసెప్షన్ ఫొటోలో రాళ్ల హారం. ఒక్కో నగ ఏ ఫొటోలో కనిపిస్తోందో, ఎవరు పెట్టారో, ఎన్ని తులాలో పెద్దమ్మ చెబుతుంటే నేను రాసుకున్నాను. బంగారు దుకాణం బిల్లులు దొరికినవాటికి బిల్లులు, దొరకనివాటికి ఫొటోలు జతచేశాము. ఆ నగలన్నీ అత్తగారి పేరు మీదున్న బ్యాంకు లాకరులో ఉన్నాయి. ఈ చట్టం 18వ సెక్షన్ కింద లాకరు తెరవకుండా, ఆస్తి అమ్మకుండా ఉత్తర్వు అడగవచ్చు. కొంపల్లిలో నా భర్త పేరు మీదున్న ఫ్లాట్ అమ్మకూడదని కూడా మధ్యంతర ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వే కేసును నడిపించింది. ఇక్కడి కోర్టు భరణం మంజూరు చేసినా, దాన్ని అమెరికాలో నేరుగా అమలు చేయించే ఏర్పాటు రెండు దేశాల మధ్య లేదు. అందుకే ఇక్కడున్న ఆస్తి ఏమిటి, ఎక్కడుంది, ఎవరి పేరున ఉంది అన్న ప్రశ్నలకు భరణం అంకె కంటే ముందు జవాబు వెతకాలని నా అభిప్రాయం.

క్రిమినల్ కేసు విషయంలో అత్తింటివాళ్ల పేర్లన్నీ, మరో ఊళ్లో ఉండే ఆడపడుచు పేరు సహా, రాయమని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఆమె నాకు ఏ హానీ చేయలేదు. పైగా ఆధారం లేకుండా బంధువులందరినీ ఇరికించడాన్ని సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ తప్పుపట్టింది. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసునే ఆ కారణంతో కొట్టివేసింది. 2024 జులై 1 తరువాత జరిగిన క్రూరత్వానికి పాత భారతీయ శిక్షాస్మృతి 498ఎ సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85, 86 సెక్షన్లు వర్తిస్తాయి.

ఈలోగా అతను టెక్సాస్‌లో విడాకుల కేసు వేశాడు. కారణం, ఇద్దరికీ పొసగడం లేదన్నది మాత్రమే. కాగితాలు కొరియర్‌లో వచ్చినప్పుడు, పట్టించుకోకుండా వదిలేయమన్నవారూ ఉన్నారు, సంతకం పెట్టి పంపేయమన్నవారూ ఉన్నారు. తిరుపతిలో పెళ్లి చేసుకుని అమెరికాలోని మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్న ఒక తెలుగు భర్త కేసులోనే సుప్రీంకోర్టు 1991లో ఈ చిక్కు విప్పింది. వై.నరసింహారావు వర్సెస్ వై.వెంకటలక్ష్మి అన్న ఆ తీర్పు ప్రకారం, హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో విదేశీ కోర్టు ఇచ్చిన విడాకులు సాధారణంగా ఇక్కడ చెల్లవు. కానీ భార్య ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకుని విడాకులకు సమ్మతిస్తే చెల్లుతాయి. కాబట్టి ఏ కాగితం మీద ఏమని సంతకం పెడుతున్నామన్నది చాలా ముఖ్యం. టెక్సాస్‌లో ఒకరు, ఇక్కడ ఒకరు, నా న్యాయవాదులిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని, ఆ కోర్టు అధికారాన్ని నేను అంగీకరించడం లేదని తెలిపే జవాబు దాఖలు చేయించారు. అదే సమయంలో ఇక్కడ క్రూరత్వం కారణంగా విడాకుల పిటిషన్ వేశాను. 2003లో వచ్చిన సవరణ వల్ల భార్య తాను నివసించే చోటనే ఈ పిటిషన్ వేయవచ్చు.

ఫ్లాట్ అమ్ముడుపోక, రెండు దేశాల్లో న్యాయవాదుల ఖర్చు పెరిగాక, అతని తరఫువాళ్లే రాజీకి వచ్చారు. లాకరులోని నగలు జాబితా ప్రకారం తిరిగి ఇవ్వడం, ఏకమొత్తంగా సొమ్ము చెల్లించడం, టెక్సాస్ కేసు వెనక్కు తీసుకోవడం అనే షరతులతో పరస్పర అంగీకార విడాకులకు మార్చుకున్నాము. ఇలాంటి విడాకుల్లో మొదటి, రెండో వాంగ్మూలాల మధ్య ఆగాల్సిన ఆరు నెలల గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు మాకు ఉపయోగపడింది. నగలు తూకం వేసి తీసుకున్న తరువాతే, సొమ్ము ఖాతాలో పడిన తరువాతే విడాకులకు అంగీకారం తెలిపే రెండో వాంగ్మూలం ఇచ్చాను. ఈ క్రమాన్ని ఎవరు ఎంత తొందరపెట్టినా మార్చుకోకండి.

డిక్రీ ధ్రువీకృత ప్రతితో పాస్‌పోర్టులో భర్త పేరు తీసేయించుకోవడానికి దరఖాస్తు పెట్టాను. కొత్త పాస్‌పోర్టు వచ్చింది. టెక్సాస్ ఉత్తర్వు, ఇక్కడి డిక్రీ, రాజీ పత్రం మూడింటి ప్రతులూ ఒకటి అమ్మ దగ్గర, ఒకటి నా దగ్గర ఉన్నాయి. మళ్లీ ఎప్పుడైనా వీసాకు దరఖాస్తు పెడితే వైవాహిక స్థితి దగ్గర అడిగే మొదటి కాగితం ఆ డిక్రీనే.