టెక్సస్ నుంచి చురుబుస్కో దాకా

మెక్సికో సిటీ వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా పిరమిడ్ల గురించీ, ఫ్రీదా కాలో ఇంటి గురించీ రాస్తారు. అవి మేమూ చూశాం, బాగున్నాయి. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం అదే నగరంలోని చురుబుస్కో అనే పేటలో ఉన్న ఇంటర్వెన్షన్స్ మ్యూజియం గురించి. బయటి దేశాల సైన్యాలు మెక్సికో మీదికి వచ్చిన సందర్భాలన్నిటికీ కలిపి ఒకే మ్యూజియం, ఒక పాత క్రైస్తవ మఠంలో 1981లో పెట్టారు. స్పెయిన్ వచ్చింది, ఫ్రాన్స్ రెండుసార్లు వచ్చింది. పొరుగున ఉన్న అమెరికా అయితే 1846లో, 1914లో, 1916లో.

నేనుండేది టెక్సస్‌లో. హ్యూస్టన్ దగ్గర శాన్ జసింటోలో ఆకాశాన్నంటే స్మారక స్తంభం ఉంది, అప్పటిదాకా మెక్సికోలో భాగంగా ఉన్న టెక్సస్ వాళ్లు 1836 ఏప్రిల్‌లో మెక్సికో నాయకుడు శాంతా అన్నా సైన్యాన్ని ఓడించిన చోటు అది. అక్కడ ఆ కథంతా స్వేచ్ఛ కోసం పోరాటంగానే వినిపిస్తుంది. మెక్సికో 1829లోనే బానిసత్వాన్ని రద్దు చేసిందనీ, పత్తి పండించడానికి అమెరికా దక్షిణం నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు బానిసల్ని వెంట తెచ్చుకున్నారనీ, గొడవకున్న కారణాల్లో అదీ ఒకటనీ నాకు చాలా ఏళ్లు ఎవరూ చెప్పలేదు. 1845లో అమెరికా టెక్సస్‌ని కలుపుకుంది. ఆ తర్వాత సరిహద్దు న్యూయెసెస్ నదా, ఇంకా దక్షిణాన ఉన్న రియో గ్రాండేనా అన్న తగాదా నడుస్తుండగానే ప్రెసిడెంట్ పోక్ ఆ రెండు నదుల మధ్యకి సైన్యాన్ని పంపాడు. అక్కడ కాల్పులు జరిగాయి, అమెరికా గడ్డ మీద అమెరికన్ల రక్తం చిందిందని చెప్పి యుద్ధానికి దిగాడు. ఆ రక్తం చిందింది సరిగ్గా ఏ చోట, అది నిజంగా మన భూమేనా అని 1847 డిసెంబర్‌లో అమెరికా కాంగ్రెస్‌లో నిలదీసిన కొత్త సభ్యుడి పేరు అబ్రహాం లింకన్. మెక్సికో సిటీలో పొలాంకో అనే పేటలో లింకన్ పేరుతో పార్కు, అందులో ఆయన విగ్రహం ఉన్నాయి, నడుస్తూ వెళ్లి అనుకోకుండా చూశాం.

మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు ఆపేసింది 1847 ఆగస్ట్ 20. ఆ రోజు ఈ మఠం గోడల వెనక నుంచే జనరల్ అనాయా మనుషులు అమెరికా సైన్యాన్ని ఎదిరించారు. మందుగుండు అయిపోయేదాకా పోరాడి, అయిపోయాక లొంగిపోయారు. మిగిలిన మందుగుండు ఎక్కడుందని అమెరికన్ జనరల్ ట్విగ్స్ అడిగితే, అదే ఉంటే మీరిక్కడ ఉండేవారే కాదు అన్నాడట అనాయా. వాళ్ల పక్కన శాన్ పత్రీసియో దళం కూడా ఉంది. అందులో చాలామంది ఐరిష్ వలస కాథలిక్కులు, అమెరికా సైన్యంలో తమ మతాన్నీ తమనీ చిన్నచూపు చూస్తుంటే విసిగి ఇటువైపు వచ్చేసినవాళ్లు. పట్టుబడినవాళ్లలో సుమారు 50 మందిని ఉరి తీశారు. కొందరిని ఉరి తీసిన చోటు, శాన్ ఆంఖెల్ పేటలోని చౌరస్తా, చూసి తీరాలని పట్టుబట్టి మావారిని తీసుకెళ్లాను. అక్కడ గోడ మీద వాళ్ల పేర్లతో ఫలకం ఉంది. ఆ చౌరస్తా పేరూ శాన్ హసింతోయే, మా హ్యూస్టన్ దగ్గరి పేరే.

మర్నాడు చపుల్తెపెక్ కోటకి వెళ్లాం. అప్పట్లో అది మిలిటరీ కాలేజీ. సెప్టెంబర్ 13న అమెరికా సైన్యం కొండెక్కి వచ్చినప్పుడు కదలకుండా నిలబడి చనిపోయిన ఆరుగురు క్యాడెట్లని బాల వీరులని పిలుస్తారు, అందరికంటే చిన్నవాడికి పదమూడేళ్లు. జెండా చుట్టుకుని కోట మీద నుంచి దూకిన హువాన్ ఎస్కూతియా బొమ్మ ఒక గది పైకప్పంతా పరుచుకుని ఉంటుంది, తలెత్తి చూస్తే మన మీదికే పడుతున్నట్టు ఉంటుంది. అది నిజంగా జరిగిందా అని చరిత్రకారుల్లో వాదన ఉంది. నాకైతే ఆ వాదన కంటే, 1947లో అమెరికా ప్రెసిడెంట్ ట్రూమన్ వచ్చి ఆ పిల్లల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచాడన్న సంగతే ఎక్కువ పట్టింది. వందేళ్లకి వచ్చాడు, కానీ వచ్చాడు. ఇప్పుడు ఈ నగరంలో బాల వీరుల పేరుతో ఒక మెట్రో స్టేషన్, జనరల్ అనాయా పేరుతో ఇంకొకటి ఉన్నాయి. రోజూ ఆఫీసులకి వెళ్లే జనం ఓడిపోయిన యుద్ధం పేర్లున్న చోట్ల దిగి వెళ్తుంటారు. నాకు పరిచయమైన మెక్సికన్లలో అమెరికా మీద ద్వేషం కనిపించలేదు, అలాగని వాళ్లు మర్చిపోనూ లేదు.

మ్యూజియంలో, ఆ యుద్ధాన్ని ముగించిన ఒప్పందం తర్వాతి మ్యాప్ దగ్గర స్కూలు పిల్లలు గుంపుగా నిలబడి ఉన్నారు. 1848 ఫిబ్రవరి 2న, రాజధానిలో శత్రు సైన్యం కూర్చుని ఉండగా, గ్వాదలూపే హిదాల్గోలో సంతకాలయ్యాయి. టెక్సస్‌ని కూడా లెక్కేస్తే మెక్సికో సగానికి పైగా భూమి పోగొట్టుకుంది, అమెరికా ఇచ్చింది కోటీ 50 లక్షల డాలర్లు. దానికి 9 రోజుల ముందే, జనవరి 24న, కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ సంగతి సంతకం పెట్టినవాళ్లలో ఏ పక్షానికీ తెలియదు. పోయిన భూమిలో నా ఊరు వెతుక్కుంటే ఒక పాప నా వేలు వైపు చూసి నవ్వింది, నాకు నవ్వు రాలేదు.

1938 మార్చి 18న మెక్సికో ప్రెసిడెంట్ కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీల ఆస్తుల్ని జాతీయం చేసినప్పుడు, పరిహారం చెల్లించడానికి ఆడవాళ్లు మెక్సికో సిటీలోని బెయాస్ ఆర్తెస్ అనే కళల భవనం దగ్గర బారులు తీరి నగలూ, కోళ్లూ ఇచ్చారట. ఆ తెల్లటి భవనం ముందు అందరూ ఫొటోలు దిగుతుంటారు. నేనూ దిగాను, దిగుతూ ఆ బారుల గురించే ఆలోచించాను.

ఇక చూడాల్సింది మా రాష్ట్రంలోనే ఉంది, ఎల్ పాసోలోని చమిసాల్. 1864లో రియో గ్రాండే దారి మార్చుకోవడంతో కొంత మెక్సికో భూమి అమెరికా వైపుకి వచ్చేసింది. 1911లో మధ్యవర్తులు చాలాభాగం మెక్సికోదేనని తీర్పిస్తే అమెరికా ఒప్పుకోలేదు. చివరికి అమెరికాలో కెనెడీ, మెక్సికోలో లోపెస్ మతేయోస్ ప్రెసిడెంట్లుగా ఉన్న హయాంలో 1963లో ఒప్పందం కుదిరింది, భూమి తిరిగి ఇచ్చారు, నది మళ్లీ దారి మార్చుకోకుండా కాంక్రీటు కాలువ కట్టారు. ఆ భూమి ఖాళీ చేయడానికి ఎల్ పాసోలో 5,000 మందికి పైగా ఇళ్లు వదలాల్సి వచ్చింది, వాళ్లలో ఎక్కువమంది మెక్సికన్ మూలాలున్నవాళ్లే.