చర్చిలో మొదటి ఆదివారం

పక్కింటి ఆంటీ పిలవగా పిలవగా ఇవాళ గుంటూరులో వాళ్ల లూథరన్ చర్చికి వెళ్లాను. 1842లో అమెరికా మిషనరీ హెయ్యర్ దొరగారు ఈ ఊరు రావడంతో మొదలైన మిషన్ వాళ్లది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు కూర్చోవాలో తెలియక ఒకటే టెన్షన్! పక్కనున్న మామ్మగారు కనిపెట్టేసినట్టున్నారు. అంచులు నలిగిపోయిన తన పాటల పుస్తకం నా ఒళ్లో పెట్టి, లైను లైనుకీ వేలు జరుపుతూ పాడారు. ఆవిడకి మొత్తం కంఠతా వచ్చు. కానుకల సంచి దగ్గరికొస్తే నేను పర్సు వెతుక్కుంటున్నాను, "వేయకపోయినా ఏం కాదులేమ్మా" అన్నారు. ప్రభువు బల్లకి (అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి) బాప్తిస్మం తీసుకున్నవాళ్లే వెళ్లారు, నేను కూర్చునే ఉన్నా ఎవరూ వింతగా చూడలేదు. ప్రసంగం మాత్రం కాస్త సాగింది (నిజం చెప్పాలిగా). బయటికొచ్చాక "వందనాలమ్మా" అని ఎంతమంది పలకరించారో! ఆ కబుర్లన్నీ అయ్యి, గుమ్మం దగ్గరి కుప్పలో నా రెండో చెప్పు దొరికేసరికి ఒంటిగంట.