సీసం కొలిమి దగ్గర పని, సంతానం కోసం పరీక్షలు: నా అనుభవం

పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే యూనిట్‌లో, కొలిమి సెక్షన్‌లో నేను చాలా కాలం పనిచేశాను. పెళ్లయి కొన్నేళ్లు గడిచినా సంతానం కలగకపోవడంతో ఆస్పత్రికి వెళ్తే, స్కానింగులు, హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ నా భార్యకే చేయించారు. అవన్నీ బాగానే ఉన్నాయని తేలాకే నన్ను పిలిచారు. ఖర్చులో, నొప్పిలో చాలా తేలికైన వీర్యపరీక్షను చిట్టచివర పెట్టడం ఏ లెక్కన సబబో నాకు నేటికీ అర్థం కాదు.

పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు దాంపత్యానికి దూరంగా ఉండాలి. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం మిల్లీలీటరు వీర్యంలో కనీసం 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతానికి కదలిక ఉండాలి. నాకు రెండూ తక్కువగానే వచ్చాయి. ఒక్క రిపోర్టుతో నిర్ణయించలేమని మళ్లీ చేయించిన తర్వాత, వేరే డాక్టరు గారు తొలిసారిగా నా పని గురించి అడిగారు. కాలిఫోర్నియాలోని లాత్రాప్‌లో పొలాల్లో నులిపురుగులను చంపడానికి వాడే డీబీసీపీ అనే పురుగుమందు తయారుచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తామే గమనించుకున్నారనీ, 1977లో పరీక్షిస్తే కొందరికి వీర్యకణాలే కనిపించలేదనీ చెప్పి, రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు దాటితే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలట. నాది దానికి ఎన్నో రెట్లు ఉంది.

మందులతో పని లేదని, ముందు కొలిమికి దూరం కావాలని ఆయన అన్నారు. మేనేజరు గారిని బతిమాలి డిస్పాచ్ సెక్షన్‌కు మారితే కొలిమి అలవెన్సు పోయింది. పని బట్టలు ఇంటికి తేవడం మానేసి, అక్కడే స్నానం చేసి రావడం అలవాటు చేసుకున్నాను. నా బట్టలు ఉతికే నా భార్య రక్తంలోనూ సీసం 5 దాటి ఉందని తేలాక, "మీ ఫ్యాక్టరీని ఇంటికి మోసుకొచ్చావా బాబూ" అని మా అత్తగారు అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు.

వీర్యకణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, మూడు నెలలు ఆగి మళ్లీ పరీక్ష చేశారు. కణాల సంఖ్య హద్దు దాటింది గానీ కదలిక అంతగా మెరుగుపడలేదు. అదే సమయంలో సిగరెట్లు కూడా మానేశాను కనుక ఫలితం మొత్తాన్నీ సీసం ఖాతాలో వేయలేమని డాక్టరు గారు నిక్కచ్చిగా చెప్పారు. పైగా రక్తంలో తగ్గినా, ఎముకల్లో చేరిన సీసం ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుందట.

తల్లి రక్తంలోని సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది కనుక, నా భార్య పరీక్షలో అంకె 5 కన్నా దిగువకు వచ్చేదాకా ఐయూఐని, అంటే వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే చికిత్సను, వాయిదా వేయాలని ఇద్దరం నిర్ణయించుకున్నాం. ఆమె తర్వాతి రక్తపరీక్ష వచ్చే నెలలో ఉంది.