కిడ్నీ మార్చుకున్న ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎందుకో ఎవరూ చెప్పరు: నా అనుభవం

మాది చిత్తూరు. మా అమ్మ కిడ్నీ నాకు పెట్టి చాలా ఏళ్లయింది. చెకప్‌కు పోయినప్పుడల్లా క్రియాటినిన్, టాక్రో లెవెల్ (టాక్రోలిమస్ అనే కిడ్నీ మందు రక్తంలో ఎంతుందో), బీపీ, షుగర్ అన్నీ చూస్తారు. గర్భాశయ ముఖద్వారం మాట మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ ఎత్తలేదు. తెల్లబట్ట ఎక్కువై, నెలసరి కాని రోజుల్లోనూ ఎరుపు కనబడేసరికి పాప్ స్మియర్, అంటే ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష, చేయించుకుందామని నేనే తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పోయాను.

ఓపీ చీటీ తొందరగానే దొరికింది. కష్టమంతా డాక్టరమ్మ గది ముందు బల్ల దగ్గర. అక్కడి సిస్టరు పుస్తకంలో రాసుకుంటూ, "పాప్ స్మియరా? మీ ఆయన యాడుండాడు?" అంది. కువైట్‌లో అన్నాను. పెన్ను ఆపి నా మొహంలోకి చూసింది. "ఆయన ఆడుంటే నీకిదెందుకమ్మా?" అని గట్టిగా అడిగింది. బెంచీల మీది ఆడోళ్లంతా తలలెత్తారు. నా పక్కనున్న మా చిన్నత్త కొంగు సర్దుకుని గోడవైపు తిరిగింది.

మందుల చీటీ తీసి చూపించాను. టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, ప్రెడ్నిసొలోన్. "కిడ్నీ మార్చినోళ్లకు ఈ పరీక్ష కావాలంట" అన్నాను. "కిడ్నీ వేరే, ఇది వేరే" అని చీటీ బల్ల మీదకు తోసింది. ఒళ్లంతా మంటెత్తింది. లేచి వచ్చేశాను. బస్సు చంద్రగిరి దాటేదాకా చిన్నత్త నోరు విప్పలేదు. విప్పి అన్న మాట, "ఎవురికీ చెప్పాకు."

అందుకే అందరికీ చెప్తున్నా. కిడ్నీ, ఇది వేరు వేరు కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సంసారం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో ఒంటి రోగనిరోధక శక్తే దాన్ని అణిచేస్తుంది. కొత్త కిడ్నీని ఒళ్లు కాదనకుండా మనం పూటపూటా మింగే మందులు తగ్గించేది ఆ శక్తినే. ఎన్నో ఏళ్ల కింద అణిగిపోయిన వైరస్ మళ్లీ లేవగలదు. రిపోర్టులో పాజిటివ్ వస్తే అది నీ నడత మీద తీర్పు కాదు, మీ ఆయన నడత మీదా కాదు. ఆ బల్ల దగ్గర కూర్చునేవాళ్లకు ఈ పాఠం చెప్పకుండా పుస్తకం చేతికివ్వకూడదు.

మా ఆయనకు ఫోన్‌లో అంతా చెప్పాను. "ఇంకోచోట చూపించుకో, డబ్బు పంపిస్తా" అన్నాడు. రెండో డాక్టరమ్మ మందుల చీటీ చూడగానే హెచ్‌పీవీ పరీక్ష కూడా కలిపి రాసింది. పాజిటివ్. కాల్పోస్కోపీలో, అంటే ముఖద్వారాన్ని పెద్దది చేసి చూసే పరీక్షలో, ఆసిటిక్ ఆసిడ్ పూయగానే ఒకపక్క చోటు తెల్లగా తేలింది, తెర మీద నాకే చూపించింది. ముక్క పరీక్షలో సీఐఎన్ 2 అని వచ్చింది. అది క్యాన్సర్ కాదు, వదిలేస్తే అటు పోగల మార్పు. ఆ చోటికే మత్తు సూది వేసి, కరెంటు తీగతో తీసేశారు. ఆరు నెలలకు మళ్లీ పరీక్ష, ఆ తర్వాత ఏటా రమ్మన్నారు.

తెల్లబట్టకు మెడికల్ షాపులో ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్ర అడిగి మింగొద్దు. అది టాక్రో లెవెల్ పెంచుతుంది, దాంతో కిడ్నీ దెబ్బతినొచ్చు. కిడ్నీ డాక్టరును అడిగాకే ఏ మాత్రైనా. నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తే తిప్పి ఇచ్చేయండి, పారాసిటమాల్ అడగండి. వైరస్ ఉందన్న భయంతో కిడ్నీ మందులు మీ అంతట మీరు ఆపారా, ఉన్న కిడ్నీ పోతుంది.

టీకా సంగతి. హెచ్‌పీవీ టీకాలో బతికున్న వైరస్ ఉండదు కాబట్టి మార్పిడి తర్వాత కూడా వేసుకోవచ్చు, మనలాంటివాళ్లకు మూడు డోసులు. ఆపరేషన్‌కు ముందు వేస్తే ఇంకా బాగా పనిచేస్తుంది. డయాలసిస్ మీద ఉండి కిడ్నీ కోసం చూస్తున్న వయసు పిల్ల మీ ఇంట్లో ఉంటే, ఈసారి ఓపీకి పోయినప్పుడే డాక్టరును అడగండి.