శాశ్వత చిరునామా మదనపల్లె, ప్రస్తుత చిరునామా కేఆర్ పురం

డ్రైవింగ్ లైసెన్స్ దరఖాస్తులో అడ్రసుకు రెండు గడులుంటాయి. ఒకటి శాశ్వత చిరునామా, రెండోది ప్రస్తుత చిరునామా. బెంగళూరులోనే పుట్టిపెరిగినవాళ్లకు ఇదొక ప్రశ్నే కాదు. పై గడి నింపి, కింద కూడా అదే అని టిక్కు కొట్టేస్తారు. ఊళ్ల నుంచి వచ్చిన మన తెలుగువాళ్లు మాత్రం అక్కడికి రాగానే ఆగిపోయి నా మొహం వైపు చూస్తారు. "అన్నా, ఏది ఎక్కడ వేయమంటావు?"

నేను బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఒక డ్రైవింగ్ స్కూల్లో పనిచేస్తాను. మాది మదనపల్లె పక్కన పల్లె. స్టీరింగ్ నేర్పేది వేరేవాళ్లు. కాగితాలు, స్లాట్లు, ఫీజులు నా పని. వచ్చేవాళ్లలో మనవాళ్లే ఎక్కువ. వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ పిల్లలు, మారతహళ్లి పీజీల్లో ఉండే డెలివరీ కుర్రాళ్లు, హొస్కోటె వైపు గోడౌన్లలో పనిచేసేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో వంటకు పోతూ స్కూటీ నేర్చుకుందామని వచ్చే అక్కలు. అనంతపురం, కడప, చిత్తూరు వాళ్లు సరే, ఈమధ్య శ్రీకాకుళం వాళ్లు కూడా బాగా కనిపిస్తున్నారు.

ఏమేం కావాలని అడిగితే చెప్పడం తేలికే. వయసుకు ఒక రుజువు, అడ్రసుకు ఒక రుజువు, ఆరోగ్యంగా ఉన్నానని మనమే రాసిచ్చే ఫారం 1. వయసు 40 దాటినా, క్యాబ్, లారీ లాంటివి నడిపే ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్ కావాలన్నా డాక్టరు సంతకం పెట్టే ఫారం 1ఏ. ముందు ఎల్‌ఎల్‌ఆర్, అంటే బండి నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్స్, అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక టెస్టుకు పోవచ్చు. కేంద్రం పెట్టిన ఫీజు కూడా పెద్దదేం కాదు. ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో రకం బండికి 150 రూపాయలు, టెస్టుకు 300, లైసెన్స్ ఇచ్చేటప్పుడు 200, ఆపైన కార్డుకూ సర్వీసుకూ కొంత. బయట చెట్టు కింద నిలబడే బ్రోకర్ చెప్పే రేటుకూ దీనికీ ఎక్కడా పొంతన ఉండదు. ఆ తేడా కట్టడానికి జనం ఎందుకు సిద్ధపడతారంటే, అడ్రసు రుజువు దగ్గర ఇరుక్కుపోతారు కాబట్టి.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో నాలుగో నియమం అంతా దీని గురించే. ఓటర్ల జాబితా, ఎల్ఐసీ పాలసీ, పాస్‌పోర్టు, స్కూలు సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, ఆధార్ ఇలా వరసగా ఉంటాయి. శాలరీ స్లిప్ కూడా ఉంది, కానీ కేంద్ర ప్రభుత్వానిదో, రాష్ట్ర ప్రభుత్వానిదో, స్థానిక సంస్థదో అయితేనే. నెలకు లక్షన్నర తీసుకునే సాఫ్ట్‌వేర్ అబ్బాయి స్లిప్ చెల్లదు. మున్సిపాలిటీలో అటెండరుది చెల్లుతుంది. ఇది చెప్పినప్పుడు ఆ అబ్బాయిల మొహాలు చూడాలి. కంపెనీ ఐడీ కార్డు మెడలోంచి తీసి టేబుల్ మీద పెడతారు, ఇదన్నా చూడండి అన్నట్టు.

ఇప్పుడు అన్నిటికీ ఆధారే. ఆన్‌లైన్లో ఆధార్‌తో లాగిన్ అయితే పేరు, పుట్టినతేది, ఫోటో, అడ్రసు అన్నీ వాటంతట అవే వచ్చి ఫారంలో కూర్చుంటాయి. ఊళ్లో ఉండేవాడికి ఇది వరం. వలస వచ్చినవాడికి ఇక్కడే మొదలవుతుంది తలనొప్పి. వాడు ఉండేది మారతహళ్లిలో, ఆధార్‌లో ఉన్నది బి.కొత్తకోట దగ్గర తండాలో. మరి ఆధార్ మార్చుకో అంటాం. దానికి ఇక్కడ ఉంటున్నట్టు కాగితం కావాలి. కాగితం ఇవ్వాల్సింది ఇంటి ఓనరు.

బెంగళూరు తూర్పు వైపు ఓనర్లలో చాలామంది ఇక్కడి రెడ్లే. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. మనోళ్లే కదా, అడిగితే ఇస్తారులే అనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. మా స్కూలుకు వచ్చిన ఒక కుర్రాడి కోసం వాళ్ల ఓనరమ్మతో ఫోన్లో నేనే మాట్లాడాను. "ఏమప్పా, కరెంటు బిల్లు ఎందుకు నీకు? దాంతో ఏమేమి చేస్తారో మాకేం తెలుసు?" అంది. లైసెన్స్‌కమ్మా అని ఎంత చెప్పినా, "మా ఆయన్ను అడగల్ల" అని పెట్టేసింది. ఆయన ఎప్పుడు చేసినా ఎత్తలేదు. ఆమెను పూర్తిగా తప్పు పట్టలేను. కాగితం చేతికిస్తే ఇల్లు నాదే అంటాడేమోనని ఒక భయం. అద్దె మొత్తం ఎక్కడ బయటపడుతుందో అని ఇంకొక భయం. ఏడాదికి లక్ష దాటి అద్దె కట్టి పన్ను మినహాయింపు అడిగే ఉద్యోగి ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి కదా, ఆ సంగతి ఇక్కడ ఓనర్లందరికీ బాగా తెలుసు. నెలల తరబడి అద్దె అడ్వాన్సుగా తీసుకున్నప్పుడు మాత్రం ఏ భయమూ ఉండదు, అది వేరే సంగతి.

అగ్రిమెంట్ ఉన్నా అది 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి, అందుకని. మా దగ్గరికి తెచ్చే అగ్రిమెంట్లలో సగం గడువు తీరిపోయినవే. రెన్యువల్ చేయించుకో అంటే, ఓనరు మళ్లీ అద్దె పెంచుతాడన్నా అంటాడు. అంటే ఒక లైసెన్స్ కోసం నెలనెలా వెయ్యి రూపాయలు ఎక్కువ కట్టుకోవడం. పీజీల్లో ఉండేవాళ్లకు ఆ కాగితం కూడా ఉండదు. అడ్వాన్సుకు ఇచ్చే రసీదు మీద పీజీ పేరు, ఫోన్ నంబరు, కింద గీసిన ఒక సంతకం. అంతే.

దీనికి దారులు లేకపోలేదు. ఆ నాలుగో నియమంలోనే, సరైన కారణం ఉండి ఏ రుజువూ చూపలేనివాళ్లు నోటరీ ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వొచ్చని ఉంది. అయితే తీసుకోవడమూ తీసుకోకపోవడమూ అధికారి ఇష్టం, కాబట్టి దాన్ని నమ్ముకుని సెలవు పెట్టి రావద్దని చెప్తాను. గెజిటెడ్ ఆఫీసరుతోనో ఎమ్మెల్యేతోనో ఆధార్ వాళ్ల సర్టిఫికెట్ ఫారం మీద సంతకం చేయించుకుంటే అడ్రసు మారుతుంది. కానీ వలస వచ్చినవాడికి గెజిటెడ్ ఆఫీసరు ఎక్కడ పరిచయం? భార్యాభర్తల్లో ఒకరి ఆధార్ ఇక్కడికి మారి ఉంటే, 2023 నుంచి కుటుంబ పెద్ద ఒప్పుకోలుతో రెండోవాళ్లది ఆన్‌లైన్లోనే మార్చుకోవచ్చు. స్కూటీ కోసం వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఇదే పని చేసింది. వాళ్ల ఆధార్‌లో ఇంకా తండ్రి పేరు, పుట్టింటి అడ్రసు ఉంటాయి. అగ్రిమెంట్ ఏమో భర్త పేరు మీద ఉంటుంది.

అసలు చాలామంది ఆధార్ మార్చుకోవడానికే ఇష్టపడరు. "మారిస్తే ఊళ్లో రేషన్ కార్డు పోతుందంట కదన్నా?" ఇది నేను రోజూ వినే ప్రశ్న. రేషన్ వరకైతే ఆంధ్రా కార్డుతో ఇక్కడ కూడా బియ్యం తీసుకునే ఏర్పాటు ఉంది, అడ్రసు మారినంత మాత్రాన కార్డు ఎగిరిపోదు. కానీ వాళ్ల భయం బియ్యం గురించి కాదు. అవ్వ పెన్షన్ ఉంటుంది, చెల్లెలి చదువుకు వచ్చే డబ్బు ఉంటుంది. అవి రాష్ట్రంలో ఉండేవాళ్లకు ఇచ్చేవి. రేపు సర్వేకు వచ్చినవాళ్లు ఆధార్‌లో బెంగళూరు చూసి ఏదన్నా రాసుకుపోతే, గ్రామ సచివాలయం చుట్టూ తిరగాల్సింది ఊళ్లో ఉండే ముసలివాళ్లు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పెళ్లయి, పిల్లలు ఇక్కడి బడిలో చేరి, వెనక్కి పోయే ఆలోచన లేనివాళ్లయితే మార్చేసుకోండి అంటాను. పీజీ కుర్రాళ్లతో మాత్రం మార్చొద్దనే చెప్తాను. ఈ ఏడాది మారతహళ్లి, వచ్చే ఏడాది హైదరాబాదు. ప్రతిసారీ ఎవడు మార్చుకుంటూ కూర్చుంటాడు?

వాళ్లకు చెప్పే ఉపాయం ఒకటుంది. దీనివల్ల మా స్కూలుకు ఫైలు డబ్బులు పోతాయి, మా ఓనరుకు తెలిస్తే ఊరుకోడు. సంక్రాంతికి ఎలాగూ ఊరికి పోతారు. అప్పుడు అక్కడే ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి. ఎల్‌ఎల్‌ఆర్ అయినా లైసెన్స్ అయినా ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతా చెల్లుతుంది. ఎల్ బోర్డు పెట్టుకుని, పక్కన లైసెన్స్ ఉన్నవాణ్ని కూర్చోబెట్టుకుని ఇక్కడ మా దగ్గర కారు నేర్చుకోండి. ఉగాదికి మళ్లీ పోతారు కదా, అప్పుడు టెస్టుకు స్లాట్ పెట్టుకోండి. 30 రోజులు దాటి ఉంటాయి, 6 నెలలు నిండవు. పండగ రోజు ఆఫీసు ఉండదు కాబట్టి ఒక రోజు అటో ఇటో సెలవు పెట్టుకోవాలి. బండి విషయం వేరే, అది గుర్తుంచుకోండి. ఏపీ 39 నంబరు కారు తెచ్చుకుని ఇక్కడ 12 నెలలు దాటి ఉంచుకుంటే ఇక్కడి నంబరుకు మార్చుకోవాల్సిందే.

ఇంత ఏర్పాటు చేసుకున్నా ఓటీపీ దగ్గర పని ఆగిపోతుంది. ఆధార్‌కు లింకైన నంబరు చాలామందిది ఇంట్లో నాయన దగ్గర ఉంటుంది. స్కూల్లో చదివేటప్పుడు ఇచ్చిన నంబరు అది. మొన్న ఒక అబ్బాయి నా ముందే కూర్చుని ఫోన్ చేశాడు. వాళ్ల నాయన టమాటా తోటలో ఉన్నాడు.

"నాయినా, నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చింటాది, 6 అంకెలు చెప్పు."

"ఓటీపీనా?"

"అవును."

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకోళ్లు చెప్పినారు కదరా."

"నేను నీ కొడుకును నాయినా!"

"కొడుకు గొంతుతోనే మోసం చేస్తాండారంట. మీ అమ్మ పేరు చెప్పు."

స్పీకర్ ఆన్‌లో ఉండటంతో ఆఫీసంతా నవ్వు. అబ్బాయి అమ్మ పేరు చెప్పాడు. ఆయన అప్పుడు కళ్లద్దాలు ఇంట్లో ఉండాయన్నాడు. పక్క తోటలోంచి ఎవరినో పిలిచి ఫోన్ ఇస్తే, అతను పైనున్న రీచార్జ్ మెసేజ్‌లో అంకెలు చదివాడు. అంతలో ఆ 10 నిమిషాలు అయిపోయాయి. మళ్లీ మొదట్నుంచి. ఊరికి పోయినప్పుడు ఆధార్ సెంటర్‌లో మీ సొంత నంబరు లింక్ చేయించుకోండి, మిగతా ఏ కాగితమైనా దీని తర్వాతే.

వయసు రుజువు పెద్ద తంటా కాదు, పదో తరగతి మెమో ఉంటే చాలు. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి ఆధార్‌లో పూర్తిగా ఉంటే మాత్రం ముందే సరిచేసుకోవాలి. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టినతేది ఒక్కసారే. బడికి పోనివాళ్లకు ఆధార్‌లో చాలామందికి జనవరి 1 అని ఉంటుంది, సంవత్సరం కూడా ఉజ్జాయింపే. ఆ లెక్కన నలభై నిండనివాడు కూడా ఒక్కోసారి డాక్టరు సర్టిఫికెట్‌కు పోవాల్సి వస్తుంది.

క్యాబ్ నడపడానికి వచ్చేవాళ్లకు పాత భయాలు రెండు ఇంకా పోలేదు. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కు ఎనిమిదో తరగతి పాసవ్వాలనే నియమం 2019లోనే తీసేశారు. రెండోది బ్యాడ్జి, అంటే కిరాయి బండి నడపొచ్చని లైసెన్స్ మీద వేయించుకునే ఎండార్స్‌మెంట్ సంగతి. కారు లైసెన్స్ ఉన్నవాడు 7,500 కిలోలు మించని ట్రాన్స్‌పోర్ట్ బండి కూడా నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది. అయినా ఆఫీసు క్యాబులు పెట్టే వెండర్లు కొందరు ఇప్పటికీ ఎండార్స్‌మెంట్ చూపించమంటారు. వాళ్లతో కోర్టు తీర్పు గురించి వాదించే ఓపిక పని కోసం తిరిగేవాడికి ఉండదు, వచ్చి కట్టేసి చేయించుకుంటాడు.

డెలివరీ కుర్రాళ్లు కొందరు ఈ తలనొప్పంతా లేకుండా దాటేస్తున్నారు. గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారు ఉన్న ఎలక్ట్రిక్ బండికి లైసెన్స్ అక్కర్లేదు, నంబరు ప్లేటూ అక్కర్లేదు. యులు లాంటి అద్దె బండ్లు వీధి వీధికీ కనిపించేది అందుకే. ఊరి నుంచి వచ్చిన వారంలోనే పనిలో దిగిపోవచ్చు. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ వేగంతో లారీల పక్కన పోతుంటే నాకే గుండె దడ. నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక లైసెన్స్ చేయించుకోండిరా అంటే, అడ్రస్ ప్రూఫ్ ఎవరిస్తారన్నా అని నన్నే అడుగుతారు.

ఇక్కడి అడ్రసుతో టెస్టు పాసైనవాళ్లకు ఇంకొక మాట. కార్డు పోస్టులో వస్తుంది, లైసెన్స్ మీద ఉన్న అడ్రసుకే. ఈలోగా పీజీ మారారనుకోండి, అది తిరుగు టపాలో ఆఫీసుకు పోతుంది, మళ్లీ దాని వెంట పడాలి. కార్డు రాకముందు పోలీసులు ఆపితే డిజీలాకర్‌లో చూపించండి, 2018 నుంచి అది కార్డుతో సమానం. ఇల్లు మారేటప్పుడు కింద వాచ్‌మన్‌కు మీ నంబరు ఇచ్చి రండి. పోస్ట్‌మ్యాన్ ఫోన్ చేస్తే తెలియని నంబరని కట్ చేయకండి. మధ్యాహ్నం పూట, సరిగ్గా మీరు మీటింగ్‌లో ఉన్నప్పుడే చేస్తాడు.